రాజీ చేయబోయి సాక్షినయ్యాను

ముందే ఒక మాట. ఇందులో బాబు పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు, నా పేరూ ఉండదు. నా పేరు చెబితే కాలనీ తెలుస్తుంది, కాలనీ తెలిస్తే ఇల్లు తెలుస్తుంది. కొన్ని చిన్న వివరాలు మార్చాను కూడా. రాయడానికి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నది ఈ షరతు మీదే.

బ్యాంకులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాక నన్ను మా కాలనీ సంక్షేమ సంఘానికి సెక్రటరీని చేశారు. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, 84 ఇళ్ళు. సెక్రటరీ పనంటే బోరు మోటారు కాలిపోతే మెకానిక్‌ని పిలవడం, వినాయక చవితి చందా లెక్కలు రాయడం, పార్కింగ్ తగాదాలు తీర్చడం. తగాదా వస్తే రెండు పక్షాలనీ మా వరండాలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఇద్దరి చేతా సరే అనిపించి పంపేవాణ్ణి. ఆ విద్య నాకు బాగా వచ్చని లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

2022 జులైలో మా వైపు వానలు ఎలా పడ్డాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కడెం ప్రాజెక్టు ఉంటుందా పోతుందా అని అందరూ టీవీలకు అతుక్కుపోయిన వారం అది. రాష్ట్రమంతా బడులకు వారం రోజులు సెలవులిచ్చారు. సోమవారం 18న బడులు తెరుస్తారనగా, ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక, చివరి వీధిలో ట్రాలీ ఆటో నడిపే అతను, భార్య, అత్తగారు, పదేళ్ళ కొడుకు, నలుగురూ గొడుగులు కూడా లేకుండా మా ఇంటికి వచ్చారు.

విషయం ట్యూషన్ మాస్టారి గురించి. పేరున్న మనిషి. మేడ మీద గదిలో లెక్కలు చెప్పేవాడు. ఆయన దగ్గర చదివిన పిల్లలకు గురుకులాల్లో, నవోదయలో సీట్లు వచ్చాయి. ఈ బాబు కూడా ఐదో తరగతి, నవోదయ కోసమే పంపుతున్నారు. రెండు మూడు నెలలుగా ట్యూషన్ టైముకి కడుపు నొప్పి అనేవాడట. రాత్రి పక్క తడిపేవాడట. లెక్కలంటే బద్ధకమని తల్లి రెండుసార్లు కొట్టింది కూడా. వానల సెలవుల్లో ట్యూషన్ లేదు, ఆ వారమంతా కడుపు నొప్పీ లేదు. ఆదివారం సాయంత్రం అమ్మమ్మ తలకి నూనె రాస్తూ "రేపు పోవాలె గద బిడ్డా, బ్యాగు సదురుకో" అంటే వాడు ఏడ్చి, అప్పుడు చెప్పాడు. మిగతా పిల్లలు వెళ్ళిపోయాక లెక్కలు దిద్దే నెపంతో ఒక్కణ్ణే ఉంచి, తలుపు గడియ పెట్టేవాడని. ఆ తర్వాతి సంగతి నేను రాయను.

ఆ రాత్రి నేను వరుసగా మూడు తప్పులు చేశాను.

మొదటిది, బాబుని నా ముందు నిలబెట్టుకుని "ఏం జరిగిందో నువ్వే చెప్పు నాన్నా, భయపడకు" అన్నాను. నలుగురు పెద్దవాళ్ళ మధ్య వాడు గోడ వైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోది, "నువ్వు సరిగ్గానే అర్థం చేసుకున్నావా?" అని అడిగాను. పదేళ్ళవాణ్ణి. అమ్మమ్మ నా మీద గయ్యిమంది: "అబద్ధమాడేటప్పుడు వాడు నా మొఖం జూడడు సార్. ఇయ్యాల నా మొఖం జూసుకుంటనే చెప్పిండు."

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. తండ్రి "ఠాణాకు పోతే ఇజ్జత్ పోతది సార్, మీరే ఆయన్ని పిలిచి మాట్లాడుండ్రి" అంటే, నేను సరేనన్నాను. రేపు సాయంత్రం మాస్టారిని పిలుస్తాను, ట్యూషన్లు ఆపించి ఇల్లు ఖాళీ చేయిస్తాను అని మాటిచ్చాను. ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసిందో! చేతిలో ఫోను, మాస్టారి నంబరు తీసి పెట్టుకున్నాను కూడా.

మా ఆవిడ ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. అప్పటిదాకా లోపల అమ్మమ్మకి, బాబుకి తువ్వాళ్ళు వెతుకుతోంది. బయటికి వచ్చి, "ఏమండీ, ఇది పార్కింగ్ గొడవ కాదు. ఆయన్ని ఇక్కడి నుంచి పంపించేస్తే ఇంకో కాలనీలో బోర్డు పెట్టుకుంటాడు" అంది. తర్వాత బాబు పక్కన కింద కూర్చుని రెండే మాటలు చెప్పింది. నువ్వు చెప్పింది మేం నమ్ముతున్నాం. ఇందులో నీ తప్పేం లేదు. ఇంకేమీ అడగలేదు. వాడికి పాలు కాచి ఇచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని 1098 కొట్టింది.

అది పిల్లల కోసం పెట్టిన నంబరు, పైసా ఖర్చు ఉండదు. అప్పట్లో స్వచ్ఛంద సంస్థల వాళ్ళు నడిపేవారు, 2023 నుంచి ప్రభుత్వమే తీసుకుని నడుపుతోంది. ఆ రాత్రి మాట్లాడినామె నాతో కూడా మాట్లాడింది. రేపు మాస్టారితో మాట్లాడదామనుకున్నానని నేనే చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "సార్, మీకు విషయం తెలిసింది కాబట్టి ఇక పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత మీ మీద కూడా ఉంది" అంది. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం, 19వ సెక్షన్ అట. తల్లిదండ్రులకే కాదు, తెలిసిన ఎవరికైనా వర్తిస్తుంది. తెలిసి చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద మాత్రం కేసు ఉండదు. 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న చట్టం, అప్పటికే దాదాపు పదేళ్ళయింది. 31 ఏళ్ళు రూల్ బుక్కులు చదివిన నాకు ఒక్క ముక్క తెలియదు.

ఆమె ఇంకో మూడు జాగ్రత్తలు చెప్పింది. బాబుని మళ్ళీ మళ్ళీ అడగొద్దు. వాడి మాటలు ఎవరూ ఫోన్‌లో రికార్డ్ చేయొద్దు. ఆ మనిషికి ముందుగా కబురు వెళ్ళనివ్వొద్దు. మూడోది వినగానే నా ఒళ్ళు చల్లబడింది. ఇంకో పది నిమిషాలైతే ఆ కబురు నేనే పంపి ఉండేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే 1098 తరఫున ఇద్దరు వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, పాతికేళ్ళ లోపే. తండ్రిని పక్కకి తీసుకెళ్ళి గంటసేపు మాట్లాడారు. ఆయన భయాలు మూడు. బాబుని రాత్రంతా స్టేషన్లో కూర్చోబెడతారా? పేపర్లో వేస్తారా? వకీలుకి ఎంతవుతుంది? మూడింటికీ వాళ్ళ దగ్గర జవాబులున్నాయి. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి, ఇల్లు, ఏదీ బయటపెట్టకూడదు. ప్రభుత్వ న్యాయవాది ఉంటాడు, అది కాక కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా వకీలు వస్తాడు. మధ్యాహ్నానికి తండ్రి సంతకం చేశాడు. ఎఫ్ఐఆర్ నకలు పైసా తీసుకోకుండా చేతికిచ్చారు.

వాంగ్మూలం తీసుకోవడానికి ఎస్సై వస్తుందంటే జీపు, సైరన్, ఖాకీ అని ఊహించుకున్నాను. చుడీదార్ వేసుకున్న ఒకామె స్కూటీ మీద వచ్చింది. చుట్టాలెవరో అనుకున్నారు వీధిలో. యూనిఫాం వేసుకోకూడదని చట్టంలోనే ఉందట. అమ్మమ్మ మంచం మీద, అమ్మమ్మ పక్కనే, బాబు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మధ్యలో వాడు కుక్కపిల్ల గురించి మాట్లాడితే అదీ వింది. సాయంత్రానికి మాస్టారిని తీసుకెళ్ళారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పోలీసులతో కాదు, మాతోనే.

రాత్రి ఎనిమిదింటికి పది పన్నెండు మంది కుర్రాళ్ళు ఆ ఇంటి మీదికి బయల్దేరారు. లోపల ఆయన భార్య, డిగ్రీ చదివే కూతురు ఉన్నారు. వాళ్ళేం చేశారు? గేటుకి అడ్డంగా నిలబడ్డాను. వయసుకి భయపడి ఆగారో, వాన పెరిగిందని ఆగారో తెలీదు. ఇంతలో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో బాబు బడి ఫంక్షన్ ఫొటో పెట్టి "ఈ చిన్నారికి న్యాయం జరగాలి" అని రాశారు. కింద దండం బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు. పెట్టినావిడకి ఫోన్ చేస్తే "మంచికే పెట్టాను అన్నయ్యా" అంది. నిజంగా మంచికే పెట్టింది. తీసేయించేలోపే ఎన్ని గ్రూపులకి వెళ్ళిందో లెక్క లేదు. గ్రూపులో నేను తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చాను. నాలుగు నెలలు అలాగే ఉంచాను. నియంత అన్నారు, అననివ్వండి.

రెండో రకం మాటలు మెల్లగా వచ్చాయి. "మగపిల్లాడికి ఏమవుతుంది సార్, ఆడపిల్ల కాదుగా" అని ఒకరు. "రెండు నెలల ఫీజు బాకీ ఉందట, అందుకే ఈ నాటకం" అని ఇంకొకరు. పోక్సోలో ఆడ, మగ తేడా లేదు, 18 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఒకటే చట్టం అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఫీజు మాట అన్నాయన నాతో పాటు రోజూ వాకింగ్‌కి వచ్చే స్నేహితుడు. ఇప్పుడు మేం వేర్వేరు టైముల్లో నడుస్తున్నాం.

ఆసుపత్రి, మేజిస్ట్రేట్ సంగతి తొందరగా చెప్పేస్తాను, అవి అనుకున్నంత కష్టంగా జరగలేదు కాబట్టి. మా జిల్లాలో భరోసా కేంద్రం ఉంది. 2016లో హైదరాబాద్‌లో మొదటిది పెట్టారు, తర్వాత జిల్లాలకు వచ్చాయి. కౌన్సెలర్, పోలీసు, న్యాయ సలహా ఒక్కచోటే దొరుకుతాయి కాబట్టి పిల్లాణ్ణి పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగే పని తప్పింది. వైద్య పరీక్షప్పుడు తల్లి పక్కనే ఉంది. మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలానికి అరగంట పట్టింది. అవతలి వకీలు అక్కడ ఉండకూడదట, లేడు. బాలల సంక్షేమ సమితి వాళ్ళు ఒక సహాయక వ్యక్తిని ఇచ్చారు. కేసు నడిచినంత కాలం బాబు వెంట ఉండే మనిషి. ఆమె వచ్చినప్పుడల్లా వాడితో క్యారమ్స్ ఆడేది, వెళ్ళేముందు తర్వాత ఏం జరుగుతుందో వాడికే చెప్పేది. "వచ్చే వారం ఏమీ లేదు. ఆ పై వారం ఒక సార్ ఫోన్ చేస్తారు, అమ్మ మాట్లాడుతుంది, నువ్వు మాట్లాడక్కర్లేదు." ఇంత చిన్న మాటకే వాడు కుదుటపడేవాడని తల్లి చెప్పింది. నేను ఆదివారం రాత్రి అడిగిన ప్రశ్న గురించి ఆ సహాయక వ్యక్తికి చెప్పాను. "అందరూ అడుగుతారు సార్" అంది. ఆ జవాబు నాకు ఊరట ఇవ్వలేదు.

ఆగస్టులో ఒక రాత్రి రెండో వీధిలో ఉండే ఒకాయన మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చాలాసేపు కొత్త డ్రైనేజీ పైపుల గురించి మాట్లాడాడు. తర్వాత, పోయిన ఏడాది తన కొడుకుని అదే ట్యూషన్ మాన్పించిన సంగతి ఎత్తాడు. అది నాకు తెలుసు. ఆ రోజుల్లో వాకింగ్‌లో ఎవరో అంటే విన్నాను, ఫీజు ఎక్కువేమో అనుకున్నాను. కారణం ఇదే. వాడు చెప్పాడు, వీళ్ళు మాన్పించారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. "మా వాడు బయటపడ్డాడు కదా అనుకున్నా సార్" అన్నాడు.

మాస్టారి గదిలో ఆ ఏడాదంతా ఎంతమంది పిల్లలు కూర్చున్నారో నాకు తెలుసు. సంక్రాంతికి ముగ్గుల పోటీతో పాటు ఆయన విద్యార్థులకు బహుమతులు ఇచ్చింది మా సంఘమే. శాలువా కప్పింది నేనే. ఆ ఫొటో ఇప్పటికీ నా పాత ఫోన్‌లో ఉంది, తీసేయలేదు.

ఆ రెండో వీధి ఆయన్ని నేను బలవంతం చేయలేదు. సహాయక వ్యక్తి నంబరు ఇచ్చాను. పది రోజులు పట్టింది. భార్యాభర్తలిద్దరూ కొడుకుతో మాట్లాడుకుని వెళ్ళి చెప్పారు, రెండో కేసు నమోదైంది.

కోర్టు గురించి. పోక్సో కోర్టు కేసుని విచారణకు తీసుకున్నాక 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం తీసుకోవాలి, ఏడాదిలో విచారణ వీలైనంతవరకు ముగించాలి అని 35వ సెక్షన్ అంటుంది. మాకు బాబు సాక్ష్యం దాకా రావడానికే తొమ్మిది నెలలు పట్టింది. రెండుసార్లు వాడు తయారై వెళ్ళి వాయిదాతో వెనక్కి వచ్చాడు. సహాయక వ్యక్తి ముందుగానే ఒకరోజు ఖాళీ కోర్టు హాలు చూపించి, ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పి తీసుకొచ్చింది. అది చాలా పనికొచ్చింది.

సాక్ష్యం రోజు మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు, తల్లిని తప్ప. మాస్టారు తెర వెనక ఉన్నాడట. ఆయనకి మాటలు వినబడతాయి, బాబుకి ఆయన కనబడడు. అవతలి వకీలు నేరుగా వాణ్ణి అడగడానికి లేదు. ప్రశ్న జడ్జిగారికి చెప్పాలి, జడ్జిగారు పిల్లాడికి అర్థమయ్యే మాటల్లో అడుగుతారు. ఫీజు బాకీ గురించి ప్రశ్న వచ్చిందట. "ఫీజు సంగతి అమ్మకి తెలుసు, నాకు తెల్వదు" అన్నాడట వాడు. మధ్యలో రెండుసార్లు నీళ్ళకని బయటికి వచ్చాడు. రెండోసారి నన్ను చూసి "అయిపోవచ్చింది" అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

నేనూ బోనెక్కాను. ఇన్నేళ్ళ జీవితంలో మొదటిసారి. ఆదివారం రాత్రి ఎన్ని గంటలకు వచ్చారు, ఎవరెవరు ఉన్నారు, ఫోన్ ఎవరు చేశారు. అవతలి వకీలు మర్యాదగానే "మీరు రాజీ చేస్తానన్నారా లేదా?" అని అడిగాడు. అన్నానన్నాను. "అంటే మీకు కూడా నమ్మకం కలగలేదన్నమాట" అన్నాడు. నమ్మకం లేక కాదు, భయపడి అన్నాను అని చెప్పాను. అది రికార్డులోకి వెళ్ళింది. బాబు మెట్ల మీద ఏడుస్తూ కూర్చోవడం చూశానని పోలీసులకి చెప్పిన పక్కింటావిడ మాత్రం కోర్టులో నాకేం తెలీదంది. ఆమె మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఆ మధ్యలో మాస్టారి తమ్ముడు ఎన్ని ఇళ్ళకి తిరిగాడో కూడా నాకు తెలుసు. మా ఇంటికీ వచ్చాడు, మామిడి పళ్ళ బుట్టతో.

2024 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది, ఐదేళ్ళ జైలు. 12 ఏళ్ళ లోపు పిల్లలైతే నేరం తీవ్రత పెరుగుతుందని, 10వ సెక్షన్ కింద ఐదు నుంచి ఏడేళ్ళ దాకా వేయొచ్చని ప్రభుత్వ న్యాయవాది చెప్పారు. అప్పీలు వేసుకున్నాడు, హైకోర్టులో ఉంది. రెండో కేసు ఇంకా నడుస్తోంది. కోర్టు ఇప్పించిన మధ్యంతర పరిహారం తీసుకోవడానికి తండ్రి చాలా రోజులు ఒప్పుకోలేదు. "బిడ్డను అమ్ముకున్నట్టుంటది" అన్నాడు. చివరికి బాబు పేరున ఖాతా తెరిచి అందులో వేశారు. ఆ ఖాతా ఫారాలు నేనే నింపాను, నాకొచ్చిన పని అదొక్కటే.

ఇక కాలనీలో ఏం మార్చుకున్నామో చెప్పాలి. మొదట అందరూ సీసీ కెమెరాలన్నారు. లక్ష రూపాయల ఎస్టిమేట్ కూడా వచ్చింది. కెమెరా వీధిని చూస్తుంది గానీ మేడ మీద గదిని చూడదు కదా అని మా ఆవిడే అడిగింది. ఆ డబ్బుతో కమ్యూనిటీ హాలుకి కిటికీలు పెద్దవి చేయించి, ట్యూషన్లన్నీ అక్కడే చెప్పాలని తీర్మానం చేశాం. ఎవరి పిల్లల్నీ ఒక్కళ్ళనే ఆపకూడదు. ఏ తల్లిదండ్రులైనా ఏ టైములోనైనా వచ్చి కూర్చోవచ్చు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒక అధికారిణిని పిలిచాం. మొదటి మీటింగుకి పదకొండు మంది వచ్చారు, రెండోదానికి బిర్యానీ పెడితే అరవై. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనం గురించి ఆమె చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రం కూడా అందులో ఉంది. పిల్లల్లో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారట, వాళ్ళలో సగానికి కొంచెం ఎక్కువే మగపిల్లలు. హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

తర్వాత ఆమె ఒక ప్రశ్న వేసింది. మీ ఇంట్లో పిల్లలకు ముక్కు, చెవి, మోకాలు అని నేర్పుతారు కదా, బట్టలు కప్పే భాగాలకు ఏ పేరు నేర్పారు? ఎవరూ మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో వాటికి ఉన్న ఒకే పేరు "ఛీ". పేరు లేనిదాని గురించి పిల్లాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? బాబు ఆదివారం రాత్రి అన్నిసార్లు ఎందుకు ఆగిపోయాడో నాకు అప్పుడు అర్థమైంది. ఏదో ఒక పేరు నేర్పండి, మీకు నోరు తిరిగేదే నేర్పండి అంది. ఒక ముసలావిడ లేచి తన పల్లెలో వాడే మాట గట్టిగా చెప్పింది. అందరూ నవ్వారు. నవ్వాక మాటలు వచ్చాయి.

పిల్లలకు ఇష్టం లేకపోతే ఎవరికీ ముద్దు పెట్టక్కర్లేదు, ఎవరి ఒళ్ళోనూ కూర్చోనక్కర్లేదు అని కూడా ఆమె చెప్పింది. ఆ మాట దగ్గర నేను తల దించుకున్నాను. జేబులో చాక్లెట్లు పెట్టుకుని, "తాతయ్యకి ముద్దు పెడితేనే ఇస్తా" అని వీధిలో ప్రతి పిల్లనీ ఆటపట్టించిన మనిషిని. ఎవరూ నా వైపు చూడలేదు, అందరికీ తెలుసు. ఇప్పుడు చాక్లెట్ అడిగినవాళ్ళకి అడిగినట్టే ఇచ్చేస్తున్నాను.

హాలు తలుపుకి లోపలి గడియ పీకించేశాం. పోయిన వానాకాలం కొత్తగా వచ్చిన ట్యూషన్ టీచరమ్మ, గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోంది, పిల్లలు ఉలిక్కిపడుతున్నారు, ఒక గడియ పెట్టించండి సార్ అని అడిగింది. వాచ్‌మన్‌ని పంపి ఒక ఇటుక తెప్పించాను. తలుపు బార్లా తెరిచి, దానికి అడ్డంగా ఇటుక పెట్టాం. వాన జల్లు కొంచెం లోపలికి కొడుతుంది, గుమ్మం దగ్గర బెంచీని వెనక్కి జరుపుకున్నారు.